పవర్ బ్యాంకు ఎక్కడ పెట్టాలి, ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టాలి: కడప, కర్నూలు, అనంతపురం నుంచి విమానం ఎక్కేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

కడపలో ఏటీఆర్ (ప్రొపెల్లర్లు ఉండే చిన్న విమానం) ఎక్కి హైదరాబాదు పోయేవాళ్లయినా, ఓర్వకల్లులో ఎక్కే కర్నూలు, నంద్యాల వాళ్లయినా, అనంతపురం నుంచి బస్సులో దేవనహళ్లిలోని బెంగళూరు విమానాశ్రయం చేరి దుబాయ్ మీదుగా అమెరికాకు పోయే పిల్లలైనా, రాయచోటి, రాజంపేట వైపు నుంచి చెన్నై పోయి కువైట్ విమానం పట్టుకునే అన్నలైనా, అక్కలైనా, ఇవాళ ప్రతి ఒక్కరి దగ్గరా బ్యాటరీ ఉన్న వస్తువులు నాలుగైదు ఉంటాయి. ఫోను, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకు, ల్యాప్‌టాప్, ట్రిమ్మర్. వీటిలో ఏది చెక్-ఇన్ పెట్టెలో వేయొచ్చు, ఏది చేతిలోనే ఉంచుకోవాలి, ఏది అసలు తీసుకుపోకూడదు అన్నది చాలామందికి కౌంటర్ ముందు నిలబడ్డాకే తెలుస్తోంది. అప్పుడు క్యూ పక్కకు జరిగి, కట్టిన తాడు విప్పి, టేపు చించి, పచ్చళ్ల డబ్బాలు, బట్టలు అన్నీ నేల మీద పరిచి వెతుక్కోవాలి. మొదటిసారి పోయేవాళ్లకైతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. అందుకే ఇంట్లో పెట్టె సర్దడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి విమానం దిగేదాకా వరుసగా రాస్తున్నా.

ముందు కారణం తెలుసుకోండి, నియమాలు వాటంతట అవే గుర్తుంటాయి

ఈ నిబంధనలన్నీ విడివిడిగా బట్టీ పట్టాల్సిన పని లేదు. అన్నిటి వెనకా ఉన్నది ఒకటే ఆలోచన: బ్యాటరీ అంటుకుంటే, అది మనిషి కంటికి కనిపించే చోట, చేతికి అందే చోట అంటుకోవాలి.

మన ఫోన్లలో, పవర్ బ్యాంకుల్లో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. లోపల రెండు పొరల మధ్య పల్చటి అడ్డుతెర ఉంటుంది. కింద పడటం వల్లో, నలగడం వల్లో, తయారీలోనే లోపం వల్లో ఆ తెర దెబ్బతింటే లోపలే షార్ట్ అయ్యి వేడి పుడుతుంది, ఆ వేడికి రసాయనాలు విడిపోయి ఇంకా వేడి, మంటలంటుకునే గ్యాస్, అక్కణ్నుంచి పక్క సెల్లుకు. ఒకసారి మొదలైతే దానంతట అది ఆగదు. విమానం కింద సామాన్ల గదిలో మంటలు ఆర్పడానికి హాలన్ అనే గ్యాస్ ఉంటుంది. అది మంటను అణచగలదు గానీ బ్యాటరీ లోపలి వేడిని చల్లార్చలేదు. వేడి అలాగే ఉంటే మళ్లీ రాజుకుంటుంది. పైన క్యాబిన్‌లో అయితే పొగ వచ్చిన నిమిషంలో ఎవరో ఒకరు చూస్తారు, సిబ్బంది మంట ఆర్పి, నీళ్లు పోసి చల్లబరుస్తారు. అందుకే విడి బ్యాటరీ కిందికి పోకూడదు.

ఇది కాగితం మీది భయం కాదు. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్ నుంచి బయలుదేరిన యూపీఎస్ సంస్థ సరుకు రవాణా విమానంలో మంటలు లేచి, విమానం దుబాయ్ దగ్గరే కూలిపోయింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. ఆ సరుకులో లిథియం బ్యాటరీలు చాలా ఉన్నాయి. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం ఇంకా నేల మీద ఉండగానే తల మీది సామాన్ల అరలో మంటలు మొదలై విమానం పైభాగం కాలిపోయింది. అందరూ బయటపడ్డారు. అనుమానం పవర్ బ్యాంకు మీదికే వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 19న ఢిల్లీలో దిమాపూర్ పోవాల్సిన ఇండిగో విమానం రన్‌వే వైపు కదులుతుండగా ఒక ప్రయాణికుడి పవర్ బ్యాంకు అంటుకుంది. అది ముందు సీటు వెనక జేబులో ఉంది కాబట్టి వెంటనే కనబడింది, సిబ్బంది వెంటనే ఆర్పేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఈ చివరి రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి మూసిన అరలో, ఇంకొకటి కళ్ల ముందు. ఫలితంలో తేడా అంతా అక్కడే ఉంది.

మొదటి అడుగు: ముందు రోజు సాయంత్రం చాప మీద అన్నీ పరచండి

పెట్టె సర్దేముందు కరెంటుతో, బ్యాటరీతో పని చేసే ప్రతి వస్తువునూ ఒక చోట పెట్టి మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్ప, బ్యాటరీయే వస్తువుగా ఉన్నవి. పవర్ బ్యాంకు, కెమెరా విడి బ్యాటరీలు, డ్రోన్ బ్యాటరీలు, ల్యాప్‌టాప్ విడి బ్యాటరీ, టార్చిలో వేసే విడి లిథియం సెల్లులు. పవర్ బ్యాంకును చాలామంది చార్జర్ అనుకుని చార్జర్లతో పాటు పెట్టెలో వేసేస్తారు. నిబంధనల లెక్కలో అది విడి బ్యాటరీ. ఈ కుప్ప మొత్తం హ్యాండ్ లగేజీలోకి, ఇందులో మినహాయింపు లేదు.

రెండో కుప్ప, లోపల బ్యాటరీ ఉన్న పరికరాలు. ఫోను, ట్యాబ్, ల్యాప్‌టాప్, కెమెరా, స్మార్ట్ వాచీ, బ్లూటూత్ స్పీకర్, ట్రిమ్మర్. ఇవి కూడా చేతి సంచిలో ఉంటేనే మంచిది. తప్పనిసరై చెక్-ఇన్‌లో వేయాల్సి వస్తే పూర్తిగా ఆఫ్ చేయాలి, స్లీప్‌లో పెడితే చాలదు. దారిలో బటన్ నొక్కుకుని దానంతట అదే ఆన్ కాకుండా, నలగకుండా బట్టల మధ్య చుట్టి పెట్టాలి. నా మాట అడిగితే ల్యాప్‌టాప్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లో కింద వేయొద్దు. మంట సంగతి అలా ఉంచినా, పగిలినా పోయినా బాధపడేది మీరే. ఇయర్‌బడ్స్ డబ్బీలో కూడా బ్యాటరీ ఉంటుంది, జేబులో పట్టేదే కదా, జేబులోనే ఉంచుకోండి.

మూడో కుప్ప, బ్యాటరీ లేనివి. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్, రైస్ కుక్కర్, చార్జర్ వైర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఇవి హాయిగా చెక్-ఇన్‌లో వేయండి. మిక్సీ జార్లలో బ్లేడ్లు ఉంటాయి కాబట్టి చేతి సంచిలో పెడితే సెక్యూరిటీలో ఆపుతారు.

దోమల బ్యాట్, చార్జింగ్ ఎమర్జెన్సీ లైట్ లాంటివి ఇంట్లోనే వదిలేయండి. లోపల ఏ రకం బ్యాటరీ ఉందో డబ్బా మీద కూడా సరిగ్గా రాసి ఉండదు, అడిగితే చెప్పలేం, అక్కడ వాదనే మిగులుతుంది. రెండు మూడు వందల వస్తువు కోసం విమానం దగ్గర తలనొప్పి ఎందుకు.

బ్యాటరీ ఉబ్బిన ఫోను, కింద పడి వంకర పోయిన పవర్ బ్యాంకు, వేడెక్కుతోందని పక్కన పడేసిన ల్యాప్‌టాప్, ఇవి చేతిలోనూ వద్దు, పెట్టెలోనూ వద్దు. దెబ్బతిన్న బ్యాటరీ విమానం ఎక్కడానికే వీల్లేదు.

ఎవరో ఇచ్చిన పార్సిల్

కువైట్, ఖతార్, సౌదీ పోయేవాళ్ల ఇంటికి ముందు రోజు రాత్రి ఎవరో ఒకరు వస్తారు. "అన్నా, మా వాడికి ఇదొక్కటి ఇచ్చేయన్నా, చిన్నదే" అని టేపు చుట్టిన కవరు చేతిలో పెడతారు. మన ఊళ్లలో కాదనడం కష్టం, కాదనాల్సిన అవసరం కూడా లేదు. కానీ ఆ కవరు మీ ముందు విప్పించండి. మొహమాటపడొద్దు. అందులో కారప్పొడి, మందులతో పాటు ఒక పాత ఫోను, దానికో విడి బ్యాటరీ, ఆన్‌లైన్లో కొన్న పవర్ బ్యాంకు ఉండే అవకాశం ఎంతైనా ఉంది. కౌంటర్‌లో "ఈ సామాన్లు మీరే సర్దుకున్నారా?" అని అడిగినప్పుడు మీ పేరు మీద ఉన్న పెట్టెలో ఏముందో మీకు తెలిసి ఉండాలి, ఏదైనా దొరికితే జవాబు చెప్పుకోవాల్సింది ఇచ్చినాయన కాదు, మీరు.

తిరుగు ప్రయాణంలోనూ ఇదే. అక్కడ రిపేరు ఖరీదు ఎక్కువని "ఊర్లో బాగు చేయించు" అంటూ ఉబ్బిన ఫోన్లు ఇచ్చి పంపుతుంటారు. బ్యాటరీ ఉబ్బితే వెనక మూత లేచి, అంచున సందు కనబడుతుంది, టేబుల్ మీద పెడితే ఒక పక్క ఊగుతుంది. అలాంటిది ఎవరు ఇచ్చినా తీసుకోకండి.

రెండో అడుగు: వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి

బ్యాటరీ ఎంత పెద్దదన్నది విమానం వాళ్లు వాట్ అవర్లలో లెక్కేస్తారు. 100 వాట్ అవర్ల లోపు అయితే సాధారణంగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. 100 నుంచి 160 మధ్య ఉంటే విమాన సంస్థ ముందే ఒప్పుకోవాలి, అవీ రెండే విడి బ్యాటరీలు. 160 దాటితే ప్రయాణికుడు తీసుకుపోవడానికి లేదు.

పవర్ బ్యాంకు వెనక్కి తిప్పితే చీమ తలంత అక్షరాలతో ఉంటుంది, ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. కొన్నిటి మీద వాట్ అవర్లు నేరుగా రాసి ఉంటాయి. లేకపోతే మిల్లీ యాంప్ అవర్లను (mAh అని ఉండే అంకెను) 1000తో భాగించి, బ్యాటరీ వోల్టేజీతో, అంటే మామూలుగా 3.7తో గుణించండి. 10,000 అయితే 37 వాట్ అవర్లు. 20,000 అయితే 74. 27,000 అయితే దాదాపు 100, అంటే అంచున ఉన్నట్టు. 30,000 అయితే 111, దానికి ముందస్తు అనుమతి కావాలి.

ఇక్కడ చాలామంది తికమక పడేది వోల్టేజీ దగ్గర. అవుట్‌పుట్ 5 వోల్టులు అని కూడా దాని మీదే ఉంటుంది. దాంతో గుణిస్తే 20,000 పవర్ బ్యాంకు సరిగ్గా 100 వచ్చి అనవసరంగా భయపడతారు. సెల్ వోల్టేజీ అయిన 3.7 నే తీసుకోవాలి. ఇంకా కొన్నిటి మీద రేటెడ్ కెపాసిటీ అని వేరే అంకె, 20,000 పక్కన 12,000 లాగా, తక్కువగా ఉంటుంది. అది 5 వోల్టుల దగ్గర ఫోనుకు చేరే చార్జింగ్. విమానం లెక్కకు లోపలి బ్యాటరీ అసలు సామర్థ్యమే చూస్తారు.

అక్షరాలు చెరిగిపోయినా, అసలు ఏమీ రాసి లేకపోయినా కొత్తది కొనుక్కోండి. ఎంత ఉందో చూపించలేకపోతే సెక్యూరిటీ వాళ్లు తీసేసుకోవచ్చు. కొనేటప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదే తీసుకోండి. మన దేశంలో పవర్ బ్యాంకులకు ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బస్టాండు దగ్గర బండి మీద మూడొందలకు 50,000 అని అమ్మేది నిజంగా 50,000 అయితే 185 వాట్ అవర్లు, విమానంలోకి రానే రాదు. అబద్ధమైతే లోపల ఏం సెల్లులు పెట్టారో ఎవరికీ తెలియదు. రెండు రకాలా అది మీకు పనికిరాదు. ప్రయాణానికి 10,000 కానీ 20,000 కానీ సరిపోతుంది.

ల్యాప్‌టాప్ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు, మామూలువి 40 నుంచి 70 మధ్య ఉంటాయి, పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్‌లు కూడా సాధారణంగా 100 దాటకుండానే తయారు చేస్తారు.

మూడో అడుగు: చేతి సంచి సర్దడం

విడి బ్యాటరీల కొనలు ఏ లోహానికీ తగలకూడదు. తాళాలు, చిల్లర, పిన్నీసులు ఉన్న అరలో కెమెరా బ్యాటరీ పడేస్తే అక్కడే షార్ట్ కావచ్చు. ఒక్కొక్క దాన్ని విడిగా ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, లేదా కొనల మీద ఇన్సులేషన్ టేపు ముక్క అంటించండి. పవర్ బ్యాంకును పై జిప్పులో, సంచి మొత్తం తవ్వకుండా చెయ్యి పెట్టగానే దొరికే చోట ఉంచండి. ఎందుకో ఏటీఆర్ దగ్గరికొచ్చినప్పుడు చెబుతా. ల్యాప్‌టాప్ కూడా పైనే ఉండాలి, దాని మీద బట్టలు కుక్కొద్దు.

బయలుదేరే ముందు ఫోను, ల్యాప్‌టాప్ బాగా చార్జింగ్ పెట్టుకోండి. కొన్ని విమానాశ్రయాల్లో, ముఖ్యంగా అమెరికా వైపు పోయేటప్పుడు, ఆన్ చేసి చూపించమని అడగవచ్చు. చార్జింగ్ లేక ఆన్ కాని వస్తువును లోపలికి రానివ్వకపోవచ్చు కూడా. అనంతపురం నుంచి బెంగళూరుకు బస్సులో పోయేటప్పుడు సినిమాలు చూసుకుంటూ ఫోను ఖాళీ చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి, బోర్డింగ్ పాస్ కూడా అందులోనే ఉంటుంది కదా.

నాలుగో అడుగు: చెక్-ఇన్ కౌంటర్

"పెట్టెలో పవర్ బ్యాంకు, లైటర్, బ్యాటరీలు ఏమైనా ఉన్నాయా?" అని అడుగుతారు. అలవాటుగా లేవు అనేయకండి. ఒక్క క్షణం ఆగి గుర్తు చేసుకుని చెప్పండి. ఉంటే అక్కడే తీసేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఎక్స్‌రేలో బయటపడితే మాత్రం పెట్టె ఆగిపోతుంది, మిమ్మల్ని పిలుస్తారు, మీ ఎదురుగా తెరిచి తీయాలి. పెద్ద విమానాశ్రయాల్లో పెట్టె బెల్టు మీద లోపలికి పోయాక ఈ పరీక్ష జరుగుతుంది. మీరు అప్పటికి సెక్యూరిటీ దాటి గేటు దగ్గర కూర్చుని ఉంటే మళ్లీ వెనక్కి రావాలి. మీ పేరుతో పిలిచే అనౌన్స్‌మెంట్ వినబడకపోతే మీరు ఎక్కినా పెట్టె ఎక్కకపోవచ్చు.

చార్జింగ్ పాయింటు ఉండే స్మార్ట్ సూట్‌కేసు ఉన్నవాళ్లు దాని బ్యాటరీని ఊడదీసి చేతిలో పెట్టుకోవాలి. ఊడదీయడానికి రాని బ్యాటరీ ఉన్న పెట్టెను 2018 నుంచి విమాన సంస్థలు తీసుకోవడం లేదు. పెట్టె ఎక్కడుందో చూపించే ఎయిర్‌ట్యాగ్ లాంటి చిన్న బిళ్లలకు ఇబ్బంది లేదు, వాటిలో ఉండేది గడియారంలో వేసే గుండీ బ్యాటరీ.

ఐదో అడుగు: సెక్యూరిటీ ట్రే

ల్యాప్‌టాప్, ట్యాబ్ సంచిలోంచి తీసి విడిగా ట్రేలో పెట్టాలి. ఫోను, పవర్ బ్యాంకు, కెమెరా, స్మార్ట్ వాచీ కూడా తీయమంటారు. కారణం ఉంది: ఎక్స్‌రే తెర మీద బ్యాటరీ, సర్క్యూట్లు నల్లటి దిమ్మలాగా కనబడి కింద ఏముందో దాచేస్తాయి. కొత్త రకం స్కానర్లు ఉన్న చోట తీయక్కర్లేదని వాళ్లే చెబుతారు. చెప్పకపోతే మాత్రం తీసేయండి, లేకపోతే సంచి పక్కకు పోయి మళ్లీ తిరగాలి, వెనక లైను ఆగుతుంది.

ల్యాప్‌టాప్ మీద ఇంకేమీ పెట్టొద్దు. అవతల మీ ట్రే మీరే తీసుకోండి, ఒకే రంగు ల్యాప్‌టాప్‌లు అన్నీ ఒకేలా ఉంటాయి. మూత మీద చిన్న స్టిక్కర్ అంటించుకుంటే తారుమారు కాదు.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, వినికిడి యంత్రం, ఇన్సులిన్ పంపు వాడేవాళ్లు గేటు దాటకముందే అక్కడున్న వాళ్లకు చెప్పండి. డాక్టరు ఇచ్చిన కార్డు లేదా చీటీ చేతిలో ఉంచుకోండి. నిద్రలో ఊపిరికి వాడే సీపాప్ యంత్రం, బ్యాటరీ వీల్‌చైర్ లాంటివి ఉంటే మాత్రం టికెట్ తీసుకున్నప్పుడే విమాన సంస్థకు చెప్పాలి. ఆ రోజు కౌంటర్‌లో చెబితే ఆలస్యమవుతుంది.

ఆరో అడుగు: ఏటీఆర్ మెట్ల దగ్గర

మన కడప, ఓర్వకల్లు విమానాశ్రయాల్లో మనకు అలవాటైనవి రెక్కలకు ప్రొపెల్లర్లు ఉండే చిన్న ఏటీఆర్‌లు. వాటిలో తల మీద అరలు చిన్నవి. బెంగళూరు, హైదరాబాదు విమానాల్లో సులువుగా పట్టే చక్రాల పెట్టె వీటిలో పట్టకపోవచ్చు. అప్పుడు విమానం మెట్ల దగ్గరే సిబ్బంది పెట్టె తీసుకుని, ట్యాగు కట్టి కిందికి పంపుతారు. ఇంటి దగ్గర హ్యాండ్ లగేజీ అనుకుని సర్దిన పెట్టె ఆ క్షణంలో చెక్-ఇన్ లగేజీ అయిపోతుంది. మీ పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు దాంతో పాటు కిందికి పోతాయి.

ఎండలో, వెనక మనుషులు తోస్తుండగా, ఆ హడావుడిలో ఇది గుర్తుకు రాదు. అందుకే పవర్ బ్యాంకు పై జిప్పులో ఉండాలన్నాను. పెట్టె ఇచ్చే ముందు దాన్ని తీసి జేబులో వేసుకోండి, ల్యాప్‌టాప్ కూడా చేతిలోకి తీసుకోండి. ఇంకా మంచిది, ఇంటి దగ్గరే బ్యాటరీలన్నీ ఒక చిన్న గుడ్డ సంచిలో పెట్టి, ఆ సంచిని పెట్టెలో పైన ఉంచడం. అడిగితే ఆ ఒక్క సంచి తీసుకుంటే సరిపోతుంది.

ఏడో అడుగు: సీట్లో కూర్చున్నాక

పవర్ బ్యాంకును తల మీది అరలో పెట్టొద్దు. మీ దగ్గరే, ముందు సీటు జేబులోనో, ముందు సీటు కింద ఉన్న సంచిలోనో ఉండాలి. మన దేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెప్పేది ఇదే: పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు హ్యాండ్ లగేజీలోనే, అది కూడా పై అరలో కాకుండా. ఇంకో ముఖ్యమైన మార్పు, విమానంలో పవర్ బ్యాంకుతో ఫోను చార్జింగ్ పెట్టకూడదు, సీటు దగ్గర ప్లగ్గు ఉన్నా పవర్ బ్యాంకును దానికి తగిలించి చార్జ్ చేయకూడదు. కడప విమానంలో సీటు దగ్గర ప్లగ్గు ఉంటుందన్న లెక్కతో పోకండి, గేటు దగ్గర ఉన్న చార్జింగ్ పాయింట్లు వాడుకోండి.

ఫ్లైట్ మోడ్ గురించి. 2014 నుంచి మన దేశంలో ఫ్లైట్ మోడ్‌లో పెట్టిన ఫోను, ట్యాబ్ ప్రయాణం మొత్తం వాడుకోవచ్చు. బరువుగా ఉండే ల్యాప్‌టాప్ మాత్రం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు లోపల పెట్టేయాలి, కుదుపు వస్తే అది గాల్లో లేచి ఎవరికో తగులుతుంది. ఫ్లైట్ మోడ్ ఎందుకంటే పైన ఫోనుకు టవర్ అందదు, దాని కోసం పూర్తి బలంతో వెతుకుతూనే ఉంటుంది, ఆ తరంగాలు పైలట్ల హెడ్‌ఫోన్లో గరగరగా వినబడొచ్చు. ఒక్క ఫోనుతో విమానం పడిపోదు. కానీ పొగమంచులో దిగుతూ కంట్రోల్ టవర్ మాట వింటున్న పైలట్ చెవిలో ఆ గరగర ఎందుకు? మీ బ్యాటరీ కూడా మిగులుతుంది.

ఫోను సీటు సందులో పడిపోతే సీటును ముందుకూ వెనక్కూ కదపొద్దు. ఇది చాలామందికి తెలియదు, కానీ చాలా ముఖ్యం. సీటు లోపలి ఇనుప భాగాల మధ్య ఫోను నలిగితే బ్యాటరీ పగిలి అక్కడికక్కడే పొగ రావచ్చు. లేచి నిలబడి సిబ్బందిని పిలవండి, ఎలా తీయాలో వాళ్లకు నేర్పి ఉంటారు.

ఏదైనా వస్తువు ముట్టుకోలేనంత వేడెక్కినా, ఉబ్బినా, ఘాటైన రసాయనం వాసన వచ్చినా వెంటనే సిబ్బందిని పిలిచే బటన్ నొక్కండి, గట్టిగా అరిచినా తప్పు లేదు. నలుగురూ చూస్తారని దాచిపెట్టొద్దు, దుప్పటి కప్పొద్దు, సంచిలో దూర్చొద్దు. కప్పితే వేడి లోపలే ఉండిపోయి ఇంకా పెరుగుతుంది. చార్జింగ్ వైరు పెట్టి ఉంటే, తీయడానికి వీలుంటే తీసేయండి. పొగ వస్తుంటే చేత్తో ముట్టుకోకుండా పక్కకు జరగండి. మిగతాది వాళ్లు చూసుకుంటారు.

గల్ఫ్ మీదుగా పోయేవాళ్లకు

దేశం దాటితే ఒక్కో విమాన సంస్థకు ఒక్కో నియమం, అది మన దేశం నియమం కంటే కఠినంగా ఉండొచ్చు. 2025 అక్టోబర్ 1 నుంచి ఎమిరేట్స్‌లో ఒక్కొక్కరికి ఒకే పవర్ బ్యాంకు, అది 100 వాట్ అవర్ల లోపే, మీద సామర్థ్యం రాసి ఉండాలి, విమానంలో వాడకూడదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ నుంచి పవర్ బ్యాంకుతో చార్జింగ్ ఆపేసింది. చైనాలో 2025 జూన్ 28 నుంచి దేశంలోపలి విమానాల్లో వాళ్ల భద్రతా ధృవీకరణ అయిన 3సీ గుర్తు లేని పవర్ బ్యాంకు రానివ్వరు, మన బీఐఎస్ గుర్తు అక్కడ చెల్లదు. ఒకే టికెట్ మీద రెండు సంస్థల విమానాలు మారేవాళ్లు రెండింట్లో కఠినంగా ఉన్నదాన్నే పాటించండి. ఈ నియమాలు ఈ మధ్య తరచుగా మారుతున్నాయి కాబట్టి టికెట్ మీద ఉన్న సంస్థ వెబ్‌సైట్లో బయలుదేరే వారంలో ఒకసారి చూసుకోండి.

తిరిగొచ్చేటప్పుడు తేకూడనివి కొన్ని ఉన్నాయి, ఇవి తెలియక ఇబ్బంది పడకండి. ఈ-సిగరెట్, వేప్ మన దేశంలో 2019 చట్టంతో నిషేధం. అక్కడ దుకాణాల్లో బహిరంగంగా దొరుకుతుంది కదా అని తమ్ముడి కోసం తేవొద్దు. మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. శాటిలైట్ ఫోను, తురాయా లాంటిది, ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో ఉంచుకోవడమే నేరం. ఎడారిలో పని చేసేవాళ్ల దగ్గర ఇవి ఉంటాయి, అక్కడే అప్పజెప్పి రండి. డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు, పిల్లలకు బొమ్మే కదా అని తెస్తే కస్టమ్స్‌లో ఆగిపోతుంది. వాకీటాకీలు కూడా లైసెన్సు లేకుండా వద్దు.

ఇంకొకటి, కర్నూలు నుంచో కడప నుంచో విశాఖ పోయేవాళ్లకు. అక్కడ నగరంలోని విమానాశ్రయం నౌకాదళానిది. ఎక్కేటప్పుడు దిగేటప్పుడు కిటికీలోంచి, రన్‌వే మీద ఫోటోలు, వీడియోలు తీయొద్దు, సిబ్బంది చెప్పగానే ఫోను లోపల పెట్టేయండి.

పెట్టె పోయాక గుర్తొస్తే

చెక్-ఇన్ అయిపోయి గేటు దగ్గర కూర్చున్నాక, పవర్ బ్యాంకు పెట్టెలోనే ఉండిపోయిందని గుర్తొచ్చిందనుకోండి. ఏం కాదులే అని ఊరుకోవద్దు. గేటు దగ్గరున్న విమాన సంస్థ వాళ్ల దగ్గరికి పోయి నేరుగా చెప్పండి, "నా పెట్టెలో పవర్ బ్యాంకు ఉంది, ఇప్పుడే గుర్తొచ్చింది" అని. విమానం ఎక్కి కూర్చున్నాక గుర్తొచ్చినా తలుపు మూయకముందే సిబ్బందికి చెప్పండి, మూశాక గుర్తొచ్చినా చెప్పండి. మీ బోర్డింగ్ పాస్ వెనక అంటించిన బ్యాగేజీ స్టిక్కర్ మీద నంబరు ఉంటుంది, దాంతో పెట్టెను గుర్తుపడతారు. పెట్టె రంగు, సైజు, పవర్ బ్యాంకు ఏ మూల పెట్టారో, ఎంత సామర్థ్యమో కూడా చెప్పగలిగితే వాళ్ల పని తొందరగా అవుతుంది.